అద్దం ఓవెన్

ఆ వేసవిలో మా వంటగది గోడ చెమ్మకు ఉబ్బి, సింకు వెనకాల టైల్స్ ఒకటొకటిగా ఊడిపడ్డాయి. ఉన్న ఓవెన్ తలుపు అప్పటికే కీలు విరిగి, ముక్కాలిపీట అడ్డం పెడితే తప్ప నిలిచేది కాదు. ఇక అతుకులు వేసి లాభం లేదు, గది మొత్తం కొత్తగా చేయిద్దాం అన్నారు మా ఆయన. నాకప్పుడు అరవై ఆరేళ్ళు, మా తోటికోడలికి అరవై ఒకటి. ముప్ఫై ఆరేళ్ళుగా ఒకే వంటగదిలో ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ బతికినవాళ్ళం. ఈ వయసులో మాకు కొత్త వంటగది వస్తుందని ఇద్దరమూ అనుకోలేదు.

ముందే చెప్పేస్తాను, నాకు దాన్ని చూస్తే కుళ్ళు. ఇంట్లో దాన్ని అందరం చిన్నది అంటాం. చెడ్డ మనిషైతే ఏ గొడవా లేకపోయేది, హాయిగా పోట్లాడుకునేవాళ్ళం. చెడ్డది కాదు, అదే వచ్చిన చిక్కు. ఏడాది పొడుగునా మూడు పూటలా పొయ్యి దగ్గర ఉడికేది నేను. అది వారానికి రెండుసార్లు ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చుని బన్నులో, బ్రెడ్డో, బిస్కెట్లో తీస్తుంది. అంతే, ఇల్లంతా దాని చుట్టూ చేరుతుంది. నా వంట తిని మూతి తుడుచుకుని లేచిపోయేవాళ్ళు దాని బన్ను కొరికి కళ్ళు మూసుకుంటారు. మా ఆయన సంగతి వదిలేయండి, ఆయన నాలిక ఏనాడూ నా పక్షం కాదు. నా కడుపున పుట్టిన కూతురు, బళ్ళో పదిమందికి పాఠాలు చెప్పే మనిషి, ఆదివారం పిల్లదాన్ని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "పిన్ని ఏం చేసింది?" అని అడిగేది. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని కాదు.

మరిది పోయి ఎనిమిదేళ్ళయింది. దానికి పిల్లలు లేరు. జాలిపడాలని నాకు తెలుసు. పడేదాన్ని కూడా, బుధవారం, శనివారం తప్ప. ఆ రెండూ అది ఓవెన్ వెలిగించే రోజులు.

పైగా మూడేళ్ళుగా గర్వం ఒకటి పట్టుకుంది దానికి. మాట్లాడితే ముఖం పక్కకు తిప్పుకుని మాట్లాడేది. కరెంటు బిల్లు వచ్చినా, మందు సీసా మీది కాగితమైనా, "నువ్వు చదువక్కా" అని నాకే తోసేది, నేనేదో దాని గుమాస్తానన్నట్టు. ఓవెన్ ముందు కూర్చుని గడియారం వంకైనా చూసేది కాదు. గాలి ఒకసారి పీల్చి, ఇంకో రెండు నిమిషాలు అనేది. రెండు నిమిషాలకు తీస్తే సరిగ్గా అప్పుడే రంగు తిరిగి ఉండేవి. చెయ్యి మహిమ అనేవాళ్ళు అందరూ. నేను పక్కన గిన్నెలు సర్దుతూ కళ్ళలో నిప్పులు పోసుకునేదాన్ని.

కొత్త ఓవెన్ ఎవరు ఎంచాలన్న మాట రాగానే మా అమ్మాయి, "అడగడానికేముంది, కాల్చేది పిన్ని కదా" అంది. మా ఆయన తలూపారు. నాకు ఎక్కడో కాలింది. నేను ఆ ఇంటి పెద్ద కోడల్ని. నేను వచ్చిన ఐదేళ్ళకు గానీ అది రాలేదు. ఈ మాట నేను ఏడాదికి ఒక్కసారే వాడతాను, ఆ ఏడాది అప్పుడు వాడేశాను. కాల్చేది ఎవరైనా సరే, ఎంచేది మాత్రం నేనని తేల్చి చెప్పాను. చిన్నదే, అక్కే చూస్తుంది లెండి, నేను తోడు వెళ్తాను అంది.

షాపులో ఓవెన్లు బడిలో పిల్లల్లా బారులు తీరి ఉన్నాయి. చిన్నది వాటి మధ్య నడుస్తూ ప్రతిదాని మీదా చెయ్యి వేసింది. తలుపు పిడి లాగి చూసింది, పక్కలు నిమిరింది, నాబు తిప్పి టిక్కుమన్న చప్పుడు విని మళ్ళీ వెనక్కి తిప్పింది. బడాయి అనుకున్నాను. షాపతను నన్ను వదిలేసి దాని వెనకే తిరగడం మొదలుపెట్టాడు. అమ్మగారికి బాగా అనుభవం ఉన్నట్టుంది అని మెచ్చుకోలు ఒకటి. ఎంచడానికి వచ్చిన మనిషిని, నేను ఒక మూల గొడుగులా నిలబడ్డాను.

అది ఒక నల్ల ఓవెన్ దగ్గర ఆగింది. ముందు ఐదు లావుపాటి నాబులు, ఒక్కోదానికి ఒక్కో ఆకారం. "ఇది బావుందక్కా" అంది. అది అంది కాబట్టే నాకది బాగా లేదు. వరస చివర ఇంకొకటి కనబడింది. ముందు భాగమంతా ఒకటే అద్దం. నాబు లేదు, గీత లేదు, నున్నగా ఉంది. షాపతను వేలు తాకించగానే లోపలి నుంచి అంకెలు తెల్లగా వెలిగాయి. బన్ను బొమ్మ మీద నొక్కితే వేడీ, సమయమూ అదే పెట్టుకుంటుందట.

"దీంట్లో ఎవరు చేసినా ఒకేలా వస్తాయండీ" అన్నాడు.

ఎవరు చేసినా ఒకేలా. ఆ మాట నా చెవిలో తేనె పోసినట్టు పడింది. ముప్ఫై ఆరేళ్ళ చెయ్యి మహిమను ఆ అద్దం ఒక్క రోజులో చదును చేసేస్తుంది. నాకు ఇదే కావాలన్నాను. లోపల ఎన్ని ట్రేలు పడతాయో కూడా అడగలేదు.

చిన్నది దగ్గరికి వచ్చి ఆ అద్దం మీద అరచెయ్యి ఆనించింది. ఓవెన్ కుయ్ కుయ్ కుయ్యిమని మొత్తుకుంది, అంకెలన్నీ గందరగోళమయ్యాయి. చప్పున చెయ్యి తీసేసింది.

"అక్కా, తిప్పేదేదైనా తీసుకుందాం" అంది. మెల్లగా, ఒక్కసారే.

"కాలం మారిందే" అన్నాను.

నీ ఇష్టం అంది, ముఖం అటు తిప్పుకుని. పోట్లాడుతుందని నడుం బిగించి నిలబడ్డదాన్ని, ఆ రెండు మాటలతో నా గెలుపు చప్పబడిపోయింది. ఇంటికి వచ్చేదాకా ఇద్దరం ఎండ గురించి మాట్లాడుకున్నాం.

వంటగది పని సాగిన మూడు వారాలూ వరండాలో చిన్న పొయ్యి పెట్టుకుని వండాం. లోపల సుత్తి దెబ్బలు, సిమెంటు దుమ్ము, పైన ఎండ. అల్మరాలు ఖాళీ చేసిన రోజున ఇద్దరం చాప మీద కూర్చుని డబ్బాలు, మూతలు పంచుకున్నాం. అది ఒక్కోటి చేతిలోకి తీసుకుని, అంచు వేలితో రాసి, ఇది నీ పుట్టింటిది, ఇది నాది, ఇది అత్తయ్యది అంటూ చెబుతుంటే ఒక్కటీ తప్పు పోలేదు. నాకే రెండు మూడు గుర్తు లేవు. నా పుట్టింటి గిన్నె నాకన్నా దానికే బాగా గుర్తుండటం కూడా నాకు నచ్చలేదు. గోడ రంగు ఎంచడం దాని వంతని నేను పెద్ద మనసుతో వదిలేస్తే, ఆ రంగుల అట్ట నా ఒళ్ళో పెట్టి, నువ్వే చెప్పక్కా, నీకు నచ్చిందే నాకూ అంది. నాతో పందెం వేసుకోవడం కూడా దానికి నామోషీ అనుకున్నాను.

వడ్రంగి మాట తక్కువ మనిషి. ఓవెన్ ఎంత ఎత్తులో బిగించమంటారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే చిన్నది, "అక్క మోకాళ్ళు వంగవు. నిలబడి తీసుకునేట్టు పెట్టండి" అని నా పక్కకు వచ్చి, నా మోచెయ్యి పట్టుకుని, ఇదిగో ఇంతెత్తు అని చూపించింది. నేను పొట్టి, అది పొడుగు. తను నడుం వంచితే తప్ప అందని ఎత్తు అది. వడ్రంగి పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, ఇలాంటి తోటికోడలు ఎవరికుంటుందమ్మా అన్నాడు. ఆ మాట తక్కువ మనిషి ఆ మూడు వారాల్లోనూ పూర్తిగా చెప్పిన వాక్యం అదొక్కటే. మంచితనం కూడా నేను చెయ్యి చాచేలోపే అది పట్టేసుకుంటుంది.

కొత్త వంటగదిలో మొదటి బుధవారం వచ్చింది. అది ఓవెన్ దగ్గరికి వస్తుందేమోనని చూశాను. మణికట్టు నొప్పిగా ఉందక్కా, నువ్వే చెయ్యి అంది. శనివారమూ అదే పాట. సరే, నేనే చేశాను. షాపతను అబద్ధం చెప్పలేదు. బన్నులన్నీ ఒకే రంగులో, ఒకే ఎత్తులో వచ్చాయి. మా ఆయన రెండు తిన్నారు. మా అమ్మాయి "బావున్నాయమ్మా" అంది, పిల్లల పరీక్ష కాగితం మీద టిక్కు పెట్టినట్టు. ఆ టిక్కే నాకు పదివేలు.

చిన్నది అలిగిందనుకున్నాను. అలగనీ అనుకున్నాను. ఇన్నేళ్ళూ నేను అలిగితే పట్టించుకున్నవాళ్ళెవరు? ఆ పది రోజులూ వంటగదిలో కూనిరాగాలు తీశాను. నన్ను చిరాకు పెట్టిందల్లా ఓవెన్ అద్దం మీది వేలిముద్రలే. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ ఉండేవి, కుడి మూల గుంపుగా. మంచినీళ్ళకు వచ్చి చెయ్యి ఆనిస్తున్నారని మా ఆయన్ని రెండుసార్లు కసిరాను. నాకేం తెలీదని ఆయన మొత్తుకున్నా నమ్మలేదు.

గురువారం మధ్యాహ్నాలు నేను మోకాళ్ళ వ్యాయామానికి వెళ్ళేదాన్ని. ఒక గురువారం అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయికి జ్వరమని వెనక్కి పంపేశారు. గంట ముందే ఇల్లు చేరాను. మా ఆయన ముందు గదిలో పేపరు మొహం మీద కప్పుకుని పడుకున్నారు. నేను వంటగది గుమ్మం దాకా వచ్చి ఆగాను.

చిన్నది ఓవెన్ ముందు నడుం వంచి నిలబడి ఉంది. ముఖం కిటికీ వైపు తిప్పుకుని, అద్దం అంచు నుంచి లోపలికి వేలు జరుపుతోంది. ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదులుతున్నాయి. మూడు దగ్గరికి చేరేలోపే అద్దం కుయ్యిమంది. ఆగి, మళ్ళీ అంచు నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ కుయ్యిమంది. నాబు అయితే ముందు తడిమి, ఏదో తెలుసుకుని, అప్పుడు తిప్పొచ్చు. ఆ అద్దానికి తడమడమూ నొక్కడమూ ఒకటే. నాలుగోసారి కూడా కుయ్యిమన్నాక అది భుజం మీది తువ్వాలు తీసి అద్దం తుడవడం మొదలుపెట్టింది. చాలా శ్రద్ధగా, మధ్యంతా గుండ్రంగా తుడిచింది. కుడి మూల వేలిముద్రలన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

నా అడుగు చప్పుడైనట్టుంది, వెనక్కి తిరిగింది. మా ఇద్దరి మధ్యా నాలుగడుగులు కూడా లేవు. మిట్టమధ్యాహ్నం, కిటికీ బార్లా తెరిచి ఉంది. సూటిగా నా ముఖంలోకి చూసి, "ఎవరూ?" అంది.

అప్పుడది ముఖం పక్కకు తిప్పింది, మూడేళ్ళుగా ఏది చూసి నేను గర్వమనుకున్నానో సరిగ్గా అలాగే, కంటి చివరతో నన్ను వెతికి పట్టుకుంది. "నువ్వా అక్కా. తొందరగా వచ్చేశావే. ఓవెన్ తుడుస్తున్నాను" అంది.

మంచిది అని, లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను.

ఎదురుగా ఉన్నది దానికి కనబడటం లేదు. పక్కచూపుతో నెట్టుకొస్తోంది. చదవమని నాకిచ్చిన బిల్లులు, చూడని గడియారం, నా ఒళ్ళో పెట్టిన రంగుల అట్ట, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. సిగ్గేసిందని చెబితే గొప్పగా ఉంటుంది గానీ, ముందు నాకు వేసింది సిగ్గు కాదు, సంతోషం. అయితే ఇక ఓవెన్ నాదేనన్నమాట అనుకున్నాను. ఒక్క క్షణమే, కానీ అనుకున్నాను. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, వచ్చాక నన్ను కూర్చోనివ్వలేదు.

అది స్నానానికి వెళ్ళినప్పుడు దాని పెట్టె తెరిచాను. తప్పే, కాదనను. మందుల అడుగున కంటి ఆసుపత్రి చీటీలు దొరికాయి, మూడేళ్ళవి. స్నేహితురాలి ఇంటికని చెప్పి వెళ్ళొచ్చిన రోజుల తారీఖులే అన్నీ. కళ్ళజోడుతో బాగుపడేది కాదని, ఉన్న చూపు నిలబెట్టుకోవడానికే మందులని డాక్టరు రాశాడు.

ఎందుకు దాచిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా అత్తగారికి చేతులు వణకడం మొదలై, ఒకనాడు కూరలో ఉప్పు రెండుసార్లు వేసినప్పుడు, మీరిక విశ్రాంతి తీసుకోండత్తయ్యా అని ఆవిడ చేతిలో గరిటె తీసేసుకున్నది మేమిద్దరమే. ప్రేమగానే తీసుకున్నాం. ఆవిడ ఆ తర్వాత ఆరేళ్ళు ముందు గదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వంటగదిలో గిన్నె పడితే లేవబోయి, మళ్ళీ కూర్చునేవారు. మొగుడూ పిల్లలూ లేని మనిషికి ఆ కుర్చీ ఎంత భయంగా ఉంటుందో ఊహించుకున్నాను. నేను నోరు విప్పితే చాలు, మా అమ్మాయి ఆ సాయంత్రమే దాన్ని ఆ కుర్చీలో కూర్చోబెడుతుంది. అదీ ప్రేమగానే.

ఆదివారం అందరూ వచ్చారు, మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు. నేను బన్నుల ట్రే లోపల పెట్టి, వేడి చివరంటా పెంచి, తలుపు మూసి వచ్చి అందరి మధ్యా కూర్చున్నాను. అల్లుణ్ణి వాళ్ళ ఆఫీసు సంగతులు అడిగాను. ఆయన ఎప్పుడూ అంత శ్రద్ధగా వినే అత్తగారిని చూసి ఉండడు. ముందుగా వాసన పట్టింది చిన్నదే. ముక్కు ఎగబీల్చి కుర్చీలోంచి సగం లేచింది. దాని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి కూర్చోబెట్టాను. ఇంకా కాలేదులే అన్నాను. అది నావైపు, అంటే నా చెవి వైపు, చూస్తూ ఉండిపోయింది.

తీసేసరికి బన్నులు నల్లగా మాడి మసై ఉన్నాయి. మనవరాలు పడీపడీ నవ్వింది. మా ఆయన ఒకటి తీసి బల్ల మీద కొట్టి చప్పుడు విన్నారు. అప్పుడు నేను అనుకున్న మాట అనేశాను. ఈ అద్దం నాకు లొంగడం లేదు, ఏ అంకె ఎక్కడుందో పట్టుబడటం లేదు, బిగించి నెల తిరగలేదు కాబట్టి తిప్పేది ఒకటి మార్చుకొస్తాను అన్నాను.

మా అమ్మాయి వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. "మార్చుకో అమ్మా. కానీ నువ్విక ఓవెన్ జోలికి వెళ్ళకు, అది పిన్ని చూసుకుంటుంది. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో" అంది.

ఒకే రంగులో, ఒకే ఎత్తులో నేను తీసిన బన్నులు అప్పుడే అందరూ మరిచిపోయారు. సరేనన్నాను.

మంగళవారం మేమిద్దరమే షాపుకు వెళ్ళాం. షాపతను గుర్తుపట్టి కుర్చీలు వేశాడు గానీ, ఓవెన్ మార్చాలనగానే బేజారయ్యాడు. బాగానే పనిచేస్తోంది కదా, అంత మంచిది ఎందుకు వదులుకుంటారు, ఇంటికి వచ్చి ఇంకోసారి నేర్పిస్తాను, పసిపిల్లలు కూడా వాడేస్తున్నారు అని పట్టు పట్టాడు. చిన్నది నా పక్కనే నిలబడి చేతి సంచి పట్టీ మెలితిప్పుతోంది. అతను వదిలే రకం కాదని తెలిసిపోయింది.

"నాకు కళ్ళు సరిగ్గా కనబడవు బాబూ" అన్నాను. "మూడేళ్ళయింది. ఎదురుగా ఉన్నదంతా మసక, పక్కచూపుతో నెట్టుకొస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలీదు, తెలియక్కర్లేదు కూడా. చేత్తో తడిమితే తెలిసేది ఇవ్వు."

నా మోచేతి మీద దాని వేళ్ళు బిగుసుకున్నాయి. నేను అటు చూడలేదు.

పోయినసారి అంకెలన్నీ బాగానే చదివారు కదండీ అన్నాడు షాపతను అనుమానంగా. అప్పుడు సిగ్గుపడి చెప్పలేదన్నాను. అక్కడి నుంచి అతను నాతో చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు కేకలు వేయడం మొదలుపెట్టాడు. నా చెయ్యి పట్టుకుని ఒక్కో నాబు మీదా పెట్టి, ఇది వేడి, ఇది సమయం అని అరిచాడు. నేను పైకప్పు వంక చూస్తూ తడిమాను. ఒప్పుకున్నాక సరిగ్గా చెయ్యాలి కదా, దారిలో ఉన్న స్టూలుకు కాలు కూడా తగిలించుకున్నాను. నా పక్కన చిన్నది పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకోలేక వణుకుతోంది.

"అక్కకు అర్థమైనట్టు లేదు. నాకు చూపించండి, ఇంటికెళ్ళాక నేను చెబుతాను" అంది చివరికి. తను ముందుకొచ్చి, తీరిగ్గా, షాపులో ఉన్న ఓవెన్లన్నీ నిమిరి, తిప్పి, విని, ఒకటి తేల్చింది.

"ఇది నీకు సరిపోతుందక్కా" అంది. నవ్వు ఇంకా పోలేదు గానీ గొంతు తడిగా ఉంది.

బయటికి వస్తుంటే షాపతను గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చాడు. మెట్లున్నాయి, పెద్దావిడను జాగ్రత్తగా పట్టుకుని దించండమ్మా అన్నాడు దానితో. అది నా చెయ్యి పట్టుకుంది. "మూడు" అన్నాను పెదాలు కదపకుండా. "మొదటిది వెడల్పు." ఇద్దరం తూలకుండా దిగాం.

వెనక నుంచి అతను ఎవరితోనో అంటున్నాడు, ఆ చిన్నావిడ పెద్దావిడను ఎంత ప్రేమగా చూసుకుంటోందో చూశారా, అలాంటి మనిషి తోడుండటం ఆవిడ అదృష్టమండీ అని.

"విన్నావా" అంది చిన్నది.

వినకేం, విన్నాను. ఆ మెప్పు కూడా దానికే పోయింది. కడుపు భగ్గుమంది నాకు. రోడ్డు దాటాలి కాబట్టి చెయ్యి మాత్రం వదల్లేదు.